మా ఎండలో ఎన్ని నిమిషాలు?

కొత్త కెమెరా చూద్దామని షాపుకు వెళ్లిన ప్రతిసారీ నేను ఒకటే ప్రశ్న అడుగుతున్నాను. నాగపూర్‌లో అడిగాను, మంచిర్యాలలో అడిగాను, హైదరాబాద్ కోఠిలో అయితే వరసగా నాలుగు షాపుల్లో అడిగాను. "అన్నా, 44 డిగ్రీల్లో ఇది ఆగకుండా ఎన్ని నిమిషాలు రికార్డు చేస్తది?" మెగాపిక్సెళ్లు చెప్పారు, 4కే అన్నారు, 60 ఫ్రేములు అన్నారు, చీకట్లో కూడా పగల్లా తీస్తుందన్నారు, ఈఎంఐ నెలకు ఎంత పడుతుందో క్యాలిక్యులేటర్ తీసి మరీ చూపించారు. నిమిషాల సంగతి మాత్రం ఒక్కరూ చెప్పలేదు. వాళ్లను అని లాభం లేదు, డబ్బా మీద రాసి ఉంటే కదా వాళ్లు చెప్పేది.

మాది సిరోంచ. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లాకు అట్టడుగున, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట ఉంటాం. నది దాటితే కాళేశ్వరం, జిల్లా కేంద్రానికి పోవాలంటే దాదాపు 200 కిలోమీటర్లు. బడిలో మరాఠీ చదివాం, ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటాం, సంతలో రెండూ నడుస్తాయి, అడవి వైపు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లతో వాళ్ల మాడియా భాష కూడా రెండు ముక్కలు రావాలి. పెళ్లి వీడియోలు తీయడం నా పని, పదిహేనేళ్లుగా ఇదే. మా దగ్గర పెళ్లిళ్లలో సగానికి సగం ఏప్రిల్, మే నెలల్లోనే ఉంటాయి. పంటలు ఇంటికొచ్చి ఉంటాయి, మిర్చి అమ్మిన డబ్బు చేతిలో ఉంటుంది, పిల్లలకు సెలవులు, చుట్టాలందరూ దొరుకుతారు. ఆ నెలల్లో ఎండ సంగతి ఈ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. 44 అంటే మామూలు రోజు. చంద్రపూర్ వైపు 46, 47 కూడా చూస్తాం. కూలర్ లేని ఇల్లు ఉండదు, కూలర్ లేని పెళ్లి ఉండదు.

అంటే నా సంపాదనలో పెద్ద భాగం సరిగ్గా కెమెరా పనిచేయనని మొరాయించే రోజుల్లోనే రావాలి.

2023 మేలో జరిగింది చెప్తాను. ఊరి పేరు వద్దు. ఆడపిల్ల తండ్రి మిర్చి రైతు, నేను కాకా అని పిలుస్తాను. మా దగ్గర ఆ పిలుపు తెలుగుకూ మరాఠీకీ ఇద్దరికీ నడుస్తుంది. పెళ్లి రేకుల షెడ్డు వేసిన ఫంక్షన్ హాల్లో, ముహూర్తం మధ్యాహ్నం 12 దాటాక 14 నిమిషాలకు. ఫోన్‌లో 44 చూపిస్తోంది, రేకుల కింద ఇంకో రెండు మూడు ఎక్కువే ఉండి ఉంటుంది. మండపం పక్కన ట్రైపాడ్ మీద నా పెద్ద కెమెరా, 4కే, సెకనుకు 50 ఫ్రేములు. దాని నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ వెనకాల ఎల్ఈడీ వాల్‌కు, ఇప్పుడు అది లేకుండా ఎవరూ పెళ్లి ఒప్పుకోవడం లేదు. పదకొండున్నర నుంచి కెమెరా ఆన్‌లోనే ఉంది. రికార్డు చేసినా చేయకపోయినా వాల్ మీద బొమ్మ కనిపించాలి కాబట్టి ఆపడానికి లేదు. నా తమ్ముడు రెండో కెమెరాను గింబల్ మీద, అంటే నడుస్తూ తీసినా బొమ్మ కదలకుండా పట్టే కర్ర మీద పెట్టుకుని, నేనే చెప్పాను కాబట్టి, భోజనాల బంతి తీయడానికి వెళ్లాడు.

జీలకర్ర బెల్లం అప్పుడు తెర మూలన పసుపురంగు థర్మామీటర్ బొమ్మ వచ్చింది. చూశాను. ఇంకో పది నిమిషాలు ఆగు తల్లీ అనుకున్నాను. పెళ్లికొడుకు వాళ్లది మరాఠీ పద్ధతి నడిచే రాజురా వైపు కాబట్టి మంగళాష్టకాలు కూడా చదివించారు, "శుభమంగళ సావధాన్" అన్నప్పుడల్లా అక్షింతలు వాన కురిసినట్టు పడుతున్నాయి. పంతులు తాళిబొట్టు పళ్లెంలో పెట్టి పెద్దలందరి చేతా ముట్టించుకొచ్చి పెళ్లికొడుకు చేతికి ఇచ్చాడు. పిల్లాడు లేచి నిలబడ్డాడు, పెళ్లికూతురు జడ పక్కకు తీశారు, బ్యాండువాళ్లు గట్టిమేళం అందుకున్నారు, నా తెర నల్లబడింది. వెనకాల ఎల్ఈడీ వాల్ మొత్తం నీలం రంగులోకి మారి మధ్యలో "నో సిగ్నల్" అని వచ్చింది. ఐదారు వందల మంది తలలు తిప్పి ముందు గోడను చూశారు, తర్వాత నన్ను చూశారు.

కెమెరా అడుగున చెయ్యి పెడితే రొట్టెల పెనం ముట్టుకున్నట్టే ఉంది. జేబులోంచి ఫోన్ తీశాను, అదీ వేడికి తెర వెలుతురు తగ్గించేసుకుంది, ఏం తీస్తున్నానో సరిగ్గా కనపడలేదు. రెండు చేతుల సందులోంచి మూడో ముడి ఒక్కటి దొరికింది. కెమెరా బ్యాటరీ మూత తెరిచి, కార్డు మూత తెరిచి, చేతికందిన శుభలేఖతో విసురుతూ కూర్చున్నాను. మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ అదే బొమ్మ. 14 నిమిషాల తర్వాత లేచింది, అప్పటికి తలంబ్రాలు సగం అయిపోయాయి. ఫోటోలు ఉన్నాయి, ఫోటోలు తీసే అబ్బాయి తన పని తాను చేశాడు. వీడియోలో మాత్రం ఆ పిల్ల మెడలో తాళి పడటం లేదు.

నెల తర్వాత కాకా పెన్‌డ్రైవ్ కోసం వచ్చాడు. ముందు చూసి పోతానన్నాడు, నా కంప్యూటర్ ముందు కుర్చీ వేశాను. ఎదుర్కోలు చూసి నవ్వాడు, కన్యాదానం దగ్గర కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. ఆ చోటు రాగానే "మల్లొక్కసారి వెయ్యి బిడ్డా" అన్నాడు. వేశాను. "ఈడ ఏమైంది? పంతులు తాళి చేతికిచ్చిండు, గంతలోనే తలంబ్రాలు వొచ్చినయి."

"కెమెరా వేడెక్కి బందైంది కాకా."

"వేడికి మిషిన్ బందైతదా? మా చేన్ల మోటరు మే నెలంత ఎండల్నే నడుస్తది గద."

నా దగ్గర జవాబు లేదు. మాట్లాడుకున్న డబ్బులో మూడు వేలు తగ్గించుకోమన్నాను. వినలేదు. పూర్తిగా లెక్కపెట్టి టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే ఇంత కాలం గుర్తుండేది కాదు. ఆ రాత్రి నుంచి ఈ విషయం వెంట పడ్డాను, దొరికిందంతా చదివాను, నా కెమెరాలతో నేనే పరీక్షలు చేశాను. కాకా అడిగిన ప్రశ్నే సరైన ప్రశ్న అని ఇప్పుడు నమ్ముతున్నాను.

ముందు ఆ వేడి ఎక్కడిదో చూద్దాం. ఫోటో తీసేటప్పుడు సెన్సర్ ఒక్క క్షణం పనిచేసి ఊరుకుంటుంది. వీడియోలో ఆ విశ్రాంతి ఉండదు. ఇప్పటి మంచి కెమెరాలు చాలావరకు 6కే వెడల్పున సెన్సర్ మొత్తం చదివి, దాన్ని 4కేకి కుదించి రాస్తాయి, బొమ్మ అంత తేటగా ఉండేది అందుకే. అంటే ఒక్కో ఫ్రేముకు దాదాపు రెండు కోట్ల పిక్సెళ్లు. సెకనుకు 25 ఫ్రేములంటే 50 కోట్లు, 50 ఫ్రేములంటే 100 కోట్ల పిక్సెళ్లు చదవాలి, ప్రాసెసర్ వాటిని కుదించాలి, కంప్రెస్ చేయాలి, కార్డు మీద రాయాలి. ఇదంతా కరెంటుతో జరిగే పని, ఆ కరెంటు చివరికి దాదాపు మొత్తం వేడిగానే మారుతుంది. లెక్క సులభం. మనం వాడే బ్యాటరీ 16 వాట్-అవర్ల చిల్లర. అది రెండు గంటల్లో ఖాళీ అయిందంటే ఆ రెండు గంటలూ లోపల ఎనిమిది వాట్ల పొయ్యి వెలుగుతున్నట్టే లెక్క. ఇంట్లో 9 వాట్ల ఎల్ఈడీ బల్బు అరగంట వెలిగాక దాని మెడ పట్టుకుని చూడండి. ఇప్పుడు ఆ బల్బును గాలి ఆడని నల్ల డబ్బాలో పెట్టి మూత బిగించారనుకోండి. మన కెమెరా పరిస్థితి అదే.

ఆ డబ్బాకు కిటికీలు ఎందుకు లేవంటే వాన నీళ్లు, దుమ్ము లోపలికి పోకూడదని సీల్ చేశారు కాబట్టి. దానికి తోడు చెయ్యి వణికినా బొమ్మ వణకకుండా చూసే స్టెబిలైజేషన్ ఉన్న కెమెరాల్లో సెన్సర్ ఒక చోట బిగించి ఉండదు, అయస్కాంతాల బలంతో గాల్లో తేలుతూ అటూ ఇటూ కదులుతుంటుంది. బాడీకి గట్టిగా అతుక్కుని ఉంటే వేడి ఆ లోహంలోకి పాకిపోయేది. తేలేదానికి ఆ దారి లేదు, పలచటి రిబ్బన్ కేబుళ్లే దిక్కు. చేతికి సుఖంగా ఉండాలని, జేబులో పట్టాలని బాడీని చిన్నది చేస్తూ పోయారు, దానివల్ల వేడి బయటికి పోయే చోటూ తగ్గింది.

ఇక అసలు సంగతి. వేడి ఎప్పుడూ తేడాను బట్టే కదులుతుంది. లోపల 60 డిగ్రీల దగ్గర కెమెరా ఆగిపోయేలా పెట్టారనుకుందాం, లెక్క కోసమే. బయట 23 ఉంటే తేడా 37. బయట 44 ఉంటే తేడా 16. అంటే వేడి బయటికి పోయే వేగం సగానికన్నా తక్కువకు పడిపోయింది, పొయ్యి మాత్రం అదే ఎనిమిది వాట్లు. పైగా అక్కడ కెమెరా 23 దగ్గర పరుగు మొదలుపెడితే, ఇక్కడ 44 దగ్గరే మొదలుపెడుతుంది, అంటే సగానికి పైగా దూరం ముందే అయిపోయింది. ఆగిపోయాక చల్లబడటానికీ ఇదే లెక్క. చల్లటి దేశంలో ఐదు నిమిషాల్లో తేరుకునేది మా షెడ్డు కింద పావుగంటైనా తేరుకోదు. నేను శుభలేఖతో విసిరింది 46 డిగ్రీల గాలి.

ఈ 23 అంకె నేను కల్పించింది కాదు. 2020 జులైలో కేనన్ కంపెనీ ఆర్5 అనే కెమెరా తెచ్చింది, 8కే వీడియో తీస్తుందని ప్రపంచమంతా మాట్లాడుకుంది. వేడి గురించి గోల మొదలయ్యాక ఆ కంపెనీయే లెక్కలు బయటపెట్టింది: 8కేలో 20 నిమిషాలు, అన్నిటికన్నా తేటగా ఉండే 4కేలో 30 నిమిషాలు, సెకనుకు 120 ఫ్రేముల 4కేలో 15 నిమిషాలు. పక్కనే షరతు, 23 డిగ్రీల గది ఉష్ణోగ్రతలో. చాలామంది ఆ కంపెనీని ఏకిపారేశారు. నాకు మాత్రం ఆ పట్టిక చూసి గౌరవం కలిగింది. కనీసం ఫలానా వేడిలో ఫలానా నిమిషాలు అని రాసి చూపించారు, చాలామంది అదీ చేయరు. నా బాధ ఆ 23 గురించే. ఒక్క బ్యాటరీ మీద ఎన్ని ఫోటోలు వస్తాయో కొలవడానికి జపాన్ కెమెరా కంపెనీల సంఘం సిపా పెట్టుకున్న పరీక్ష కూడా 23 డిగ్రీల దగ్గరే చేస్తారు. మాకు 23 డిగ్రీలు చూడాలంటే డిసెంబర్ రావాలి, డిసెంబర్‌లో ఉన్నవి నాలుగు పెళ్లిళ్లు.

మాన్యువల్ వెనక పేజీలు తిప్పితే ఇంకో మాట కనిపిస్తుంది. వాడదగిన ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీలు. దాదాపు అన్ని కెమెరాలకూ ఇదే. యాపిల్ వాళ్లు ఐఫోన్‌కు 35 వరకే అంటారు. అంటే మా మే నెల మొత్తం ఆ పుస్తకం ప్రకారం కెమెరా వాడకూడని కాలం. ఆ మాట అమ్మేటప్పుడు చెప్పరు, పాడయ్యాక సర్వీస్ సెంటర్‌లో చెప్తారు.

చేతకాక కాదని తెలుస్తూనే ఉంది. ఆర్5 వచ్చిన నెలలోనే సోనీ ఏ7ఎస్ 3 వచ్చింది, సెన్సర్ వెనకాల వేడిని లాగే గ్రాఫైట్ పట్టీల్లాంటి ఏర్పాటు పెట్టి 4కే 60లో గంటకు పైగా తీయవచ్చన్నారు. అంతకుముందే 2019లో పానాసోనిక్ ఎస్1హెచ్‌కు బాడీలోనే ఫ్యాన్ పెట్టారు. 2021లో సోనీ ఎఫ్ఎక్స్3కి ఫ్యాన్ వచ్చింది, 2022లో కేనన్ అదే ఆర్5ను ఫ్యాన్ పెట్టి ఆర్5 సీ అని మళ్లీ తెచ్చింది, 2023లో పానాసోనిక్ ఎస్5 2 అని మామూలు ధర కెమెరాలో కూడా ఫ్యాన్ పెట్టారు. ఫ్యాన్ ఉంటే చప్పుడు వస్తుంది, దుమ్ము లాగుతుంది అనేవాళ్లున్నారు. బ్యాండుమేళం మధ్యలో ఆ చప్పుడు ఎవరికి వినపడుతుంది? దుమ్ము సంగతికొస్తే ఆ ఫ్యాన్ల గాలి దారి సెన్సర్, బోర్డు ఉన్న గదిలోంచి పోదు, పక్కనే వేరుగా గొట్టంలా ఉంటుంది.

పాతరోజులు గుర్తొస్తాయి. నేను పని నేర్చుకున్న ఉస్తాద్ దగ్గర పానాసోనిక్ ఎండీ 10000 ఉండేది, భుజం మీద మోసే టేపు కెమెరా. మన రెండు రాష్ట్రాల్లోనూ పెళ్లి వీడియో అంటే ఏళ్ల తరబడి అదే. తర్వాత సోనీ ఎంసీ 2500 వచ్చింది. పొద్దున మైలపోలు నుంచి రాత్రి అప్పగింతల దాకా, నడి ఎండలో బరాత్‌లో కూడా, వేడికి అవి ఆగడం నేను చూడలేదు. గోరంత సెన్సర్, పెద్ద డబ్బా, లోపల బోలెడంత ఖాళీ. బొమ్మ ఇప్పటిదానితో పోల్చలేం, ఒప్పుకుంటాను. వాటిని వీడియో కోసమే పుట్టించారు. ఇప్పుడు మన చేతిలో ఉన్నవి ఫోటో కెమెరాల కడుపున పుట్టినవి. 2008లో నికాన్ డీ90తో ఫోటో కెమెరాకు వీడియో వచ్చింది, ఒక్కో క్లిప్ ఐదు నిమిషాలు. అదే ఏడాది చివర్లో కేనన్ 5డీ మార్క్ 2, అదీ పన్నెండు నిమిషాల చిల్లర. అప్పుడు అది అదనపు సౌకర్యం, ఎవరూ పట్టించుకోలేదు. ఇంకో విషయం తెలిసి నాకు కోపం వచ్చింది. చాలా ఏళ్లు ఈ కెమెరాలు సరిగ్గా 29 నిమిషాల 59 సెకన్లకు ఆగిపోయేవి గుర్తుందా? అది వేడి వల్ల కాదు. యూరప్‌లో 30 నిమిషాలు తీయగలిగేదాన్ని వీడియో కెమెరా కింద లెక్కగట్టి ఎక్కువ సుంకం వేసేవారు, అది తప్పించుకోవడానికి పెట్టిన గీత. ఎక్కడో యూరప్ సుంకం కోసం సిరోంచ పెళ్లిలో మేము అరగంటకోసారి బటన్ నొక్కుకున్నాం. వాళ్ల పన్ను కోసం కెమెరాను మార్చినవాళ్లు మన ఎండ కోసం ఎందుకు మార్చరు?

ఈ మాట అంటే తోటి కెమెరామెన్లే కొందరు నాతో వాదిస్తారు. "సెట్టింగ్స్‌లో ఆటో పవర్ ఆఫ్ టెంపరేచర్ హై పెట్టుకోరాదు, అయిపాయె" అంటారు. అది పెట్టుకోవడం మంచిదే, నేనూ పెడతాను, కొత్తగా కెమెరా కొన్నవాళ్లకు మొదట చూపించేదీ అదే. కాకపోతే అది కెమెరాను చల్లబరచదు, ఇంకాస్త వేడి దాకా ఓర్చుకోమని చెప్తుంది అంతే. అప్పుడు చేత్తో పట్టుకుని తీయొద్దు, చర్మం కాలుతుంది, ట్రైపాడ్ మీదే వాడండని ఆ కంపెనీలే హెచ్చరిస్తాయి. పైగా సెన్సర్ వేడి ఆరేడు డిగ్రీలు పెరిగితే చీకటి భాగాల్లో ఇసుక చల్లినట్టు వచ్చే గ్రెయిన్‌కు మూలమైన కరెంటు దాదాపు రెండింతలవుతుంది.

ఇంకో వాదన, "ఆగిపోవడం నీ మంచికే, లేకపోతే సెన్సర్ కాలేది." నిజమే. ఆపొద్దని నేను అనడం లేదు. బోర్డు కాలిపోయి కార్డులో ఉన్నది కూడా పోవడం కన్నా, ఫైలు సరిగ్గా మూసి ఆగిపోవడం వంద రెట్లు మేలు. ఆ రోజు కూడా అప్పటిదాకా తీసిన క్లిప్ చెక్కుచెదరలేదు. నేను అడిగేది ఎప్పుడు ఆగుతుందో ముందు చెప్పమని. అది తెలిసి ఉంటే తమ్ముణ్ణి భోజనాల దగ్గరకు పంపేవాణ్ణా?

"ఏసీ హాల్లో పెట్టుకోమను" అనేవాళ్లతో నాకు మాటల్లేవు. మిర్చి ధర పడిపోయిన ఏడాది బిడ్డ పెళ్లి చేసే మనిషి ఏసీ హాలు ఎక్కడ తేవాలి?

పోయిన ఏడాది కాకా చేనుకు వెళ్లాను, వేరే పని మీదే. మోటరు దగ్గర కూర్చున్నాం. దాని మీద అల్యూమినియం ప్లేటు, దుమ్ము తుడిచి చూశాను. హెచ్‌పీ, వోల్టులు, ఆంప్స్, చివర్లో యాంబియెంట్ 50 డిగ్రీలు అని ఉంది. చాలాసేపు ఆ ప్లేటు వైపే చూస్తూ ఉండిపోయాను. బావి మోటరు మీద ఎంత వేడిలో నడుస్తుందో రాస్తున్నారు. ఏసీ డబ్బా మీద 52 డిగ్రీల ఎండలో కూడా పనిచేస్తుందని రాసి, అదే గొప్పగా చెప్పుకుని అమ్ముతున్నారు. జనం అడిగారు కాబట్టి రాశారు. రెండు లక్షలు పెట్టి కొనే కెమెరా మీద ఆ అంకె ఎందుకు ఉండకూడదు? 4కే 25 ఫ్రేముల్లో, నీడన, 40 డిగ్రీల్లో ఇన్ని నిమిషాలు, ఆగితే ఇన్ని నిమిషాలకు తేరుకుంటుంది. రెండే రెండు అంకెలు. 4కే అని బంగారు రంగులో అచ్చువేసిన చోట పక్కన రెండంగుళాలు ఖాళీగానే ఉంది. ఆ అంకె రాయాల్సి వస్తే, తక్కువ అంకె రాయడానికి సిగ్గుపడి కంపెనీలే ఫ్యాన్లు పెడతాయి. పెళ్లిళ్ల మీద బతికే కెమెరామెన్లు దేశంలో ప్రతి మండలంలో ఉన్నారు, మనం చిన్న మార్కెట్ కాదు. అందుకే నేను ప్రతి షాపులో అడుగుతాను, మీరూ అడగండి, జవాబు రాదని తెలిసినా అడగండి.

ఆ అంకె వచ్చేదాకా నా అంకె నేనే రాసుకున్నాను. మార్చి చివర్లో, పెళ్లిళ్లు మొదలవకముందే, ప్రతి బాడీనీ మధ్యాహ్నం రెండింటికి మా ఇంటి రేకుల కింద ట్రైపాడ్ ఎక్కించి, పెళ్లిలో ఏ సెట్టింగ్ వాడతానో అదే పెట్టి, ఆగేదాకా నడిపి, టైమ్ ఒక తెల్లటి టేపు మీద రాసి బాడీ అడుగున అంటిస్తాను. తమ్ముడు ఏ కెమెరా చేతికి తీసుకున్నా ముందు ఆ టేపు చూస్తాడు. అలా చేశాకే చాలా సంగతులు అర్థమయ్యాయి. 50 ఫ్రేముల నుంచి 25కు దిగితే సమయం పెరిగినంత ఇంక దేనివల్లా పెరగలేదు. నెమ్మదిగా చూపించాల్సిన షాట్లకు మాత్రం 50 పెట్టి వెంటనే దించేస్తాం. తెరను బాడీకి ఆనించి ఉంచకుండా బయటికి తిప్పితే వీపుకు గాలి తగులుతుంది, డబ్బు ఖర్చు లేని పని. బ్యాటరీ చోట డమ్మీ బ్యాటరీ పెట్టి బయటి నుంచి కరెంటు ఇస్తే ఒక పొయ్యి తగ్గుతుంది. రికార్డు లేనప్పుడు కూడా ఆన్‌లో ఉంటే సెన్సర్ పనిచేస్తూనే ఉంటుంది, కాబట్టి ఎల్ఈడీ వాల్‌కు ఇప్పుడు వేరే పాత కెమెరా పెడుతున్నాను, 1080లో, అంటే 4కే కన్నా తక్కువ పిక్సెళ్ల మామూలు హెచ్‌డీలో, అది ఆగినా నాకు బెంగ లేదు. ఎండలో నల్ల బాడీ మీద తెల్ల గొడుగు తప్పనిసరి. అద్దాలు మూసిన కారులో కెమెరా బ్యాగు వదలడం అసలు చేయకూడదు, తీసే ముందే కెమెరా ఉడికిపోయి ఉంటుంది.

ఐస్ గడ్డలు, ఐస్ ప్యాకులు పెట్టేవాళ్లను చూశాను. దయచేసి వద్దు. ఎండాకాలంలో చల్లటి చెంబు మీద నీటి చుక్కలు పట్టినట్టే కెమెరా లోపల కూడా పడతాయి, అవి బోర్డు మీద పడితే వేడికన్నా పెద్ద నష్టం. కూలర్ ముందు పెట్టడం కొంత నయం. అదీ ఎదురుగా దగ్గరగా వద్దు, మా కూలర్లు గాలితో పాటు నీటి తుంపర్లు కూడా విసురుతాయి, ఆ నీళ్లలో ఉప్పు ఉంటుంది. పది అడుగుల దూరంలో, పక్క నుంచి గాలి తగిలేలా పెడతాం.

1080 గురించి ఒక మాట. 4కే లేకపోతే చిన్నతనమని మనవాళ్లు అనుకుంటున్నారు, పెళ్లివాళ్లూ ఆ మాటే పట్టుకుని అడుగుతున్నారు. నేను ఇప్పుడు బేరం దగ్గరే చెప్పేస్తున్నాను. రీల్స్‌కు, టీజర్‌కు 4కే తీస్తాను, తంతు మొత్తం ఒక కెమెరాలో 1080లోనే నడుస్తుంది, అది ఆగదు. ఎవరైనా ముఖం చిట్లిస్తే నా దగ్గరున్న ఆ 2023 వీడియో చూపిస్తాను, కాకాను అడిగే చూపిస్తున్నాను. తాళి దగ్గర వీడియో ఒక్కసారిగా తలంబ్రాలకు గెంతగానే ఆడవాళ్లు "అయ్యో" అంటారు. ఆ తర్వాత 4కే గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఈ మార్చిలో కాకా ఫోన్ చేశాడు. చిన్నబిడ్డ పెళ్లి, మే రెండో వారం, ముహూర్తం మళ్లీ మధ్యాహ్నమే. నన్నే పిలిచాడు. నాకు గొంతులో మాట రాలేదు.

"ఈసారి బందు గాదు గద బిడ్డా?"

"రెండు కెమెరాలు తాళి మీదనే ఉంటయి కాకా. ఒకదానికి ఫ్యాన్ ఉంది. ఒక్కటే అడుగుత. రేకుల హాలు వద్దు. ఇంటి ముందట పచ్చని పందిరి వేయి."

ఇది పాత ముచ్చట కాదు, లెక్కే. ఎండకు కాలిన రేకు కింద ఉన్న మనుషుల మీద, కెమెరా మీద సెగ కక్కుతుంది, పచ్చి ఆకు అలా కాలదు. కాకా కాసేపు ఏమీ అనలేదు. ఎవరితోనో మాట్లాడటం వినిపించింది, వాళ్లావిడతో అనుకుంటాను.

"నేరేడు కొమ్మలు తేపిస్త. కరెంటు వైరు ఎంత గావాలె?"

ఇంటి మీటరు నుంచి మండపం దాకా ఎన్ని అడుగులో కొలిచి చెప్పమన్నాను. సాయంత్రం మళ్లీ చేశాడు, 60 అడుగులట.